ఇద్దరే వెళ్లాలంటే ముందు దిక్కు చూసుకోవాలి

శుక్రవారం సాయంత్రం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు ముగించుకుని ఆలుమగలిద్దరూ కారులో కూర్గ్ బయల్దేరారనుకుందాం. 2023 మార్చిలో ప్రారంభమైన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే దాదాపు 119 కిలోమీటర్లు, గంటన్నరలో వెళ్లిపోవచ్చంటారు. నిజమే. కానీ ఆ గంటన్నర మొదలయ్యేది కెంగేరి దాటాక. శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి కెంగేరి చేరడానికే రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. మైసూరు తర్వాత కూర్గ్‌లోని మడికేరికి ఇంకో నూట ఇరవై కిలోమీటర్లు. గది తాళం చేతికొచ్చేసరికి అర్ధరాత్రి. శనివారం సగం నిద్రకే పోతుంది, ఆదివారం మళ్లీ తిరుగు ప్రయాణం.

బెంగళూరులో ఉండేవాళ్లు కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టాలి. నగరాన్ని అడ్డంగా దాటనక్కర్లేని దారి ఏదో ముందు తేల్చుకుంటే ఊరు దానంతట అదే తేలుతుంది. కెంగేరి, రాజరాజేశ్వరినగర్ వాళ్లకు మైసూరు రోడ్డే సుఖం. హెబ్బాళ వైపు వాళ్లకు హైదరాబాద్ హైవే. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ తూర్పున ఉన్నాయి కాబట్టి హొసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె దారి వాళ్ల గుమ్మంలో ఉన్నట్టే. శనివారం తెల్లవారి ఆరింటికి బయల్దేరి దారిలో ఇడ్లీ తిన్నా, పది దాటేలోపు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ మీద ఉంటారు.

ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవి విడిదికి ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆయన పేరు స్థిరపడింది. ఎత్తు నాలుగు వేల అడుగుల పైనే. చూడాల్సినవి పెద్దగా లేవు, నా దృష్టిలో అదే దీని గొప్ప. జాబితా పట్టుకుని పరుగెత్తే పని లేకపోతేనే ఇద్దరూ మాట్లాడుకుంటారు. ఏపీ టూరిజం హరిత రిసార్టులో శని, ఆదివారాల గదులకు ముందే బుక్ చేసుకోవాలి.

ఇంకా దగ్గర కావాలంటే నంది కొండ ఉంది, బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే. కాకపోతే ఆదివారం సూర్యోదయానికి వెళ్తే ముందు కార్ల బారు కనిపిస్తుంది, సూర్యుడు తర్వాత. ఏకాంతం కావాలంటే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి.

గది విషయంలో ఒక సందేహం చాలామందికి ఉంటుంది. పెళ్లికాని ఇద్దరు మేజర్లు ఒకే గదిలో దిగకూడదని చట్టమేదీ లేదు. మద్రాసు హైకోర్టు 2019లో ఇదే మాట చెప్పింది. అయినా కొన్ని హోటళ్లు సొంత నియమాలు పెట్టుకుంటాయి. డబ్బు కట్టకముందే ఫోన్ చేసి అడగడం మేలు. గుర్తింపు కార్డు ఇద్దరికీ ఉండాలి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి ఆధారో, డ్రైవింగ్ లైసెన్సో దగ్గరుంచుకోండి.

రాత్రి బస వద్దనుకునే హెబ్బాళ వాళ్లకు లేపాక్షి ఉంది, సుమారు 120 కిలోమీటర్లు. అక్కడి గుడిలో అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వెనుదిరుగుతారు. జంటగా వెళ్లినవాళ్లు వెనక ఉన్న కల్యాణమండపం దగ్గర ఆగాలి. శివపార్వతుల పెళ్లికని మొదలుపెట్టి, కప్పు వేయకుండా వదిలేశారు. పెళ్లికి వచ్చిన దేవతలూ ఋషులూ స్తంభాల మీద ఇంకా నిలబడే ఉన్నారు. నీడ లేదు, చెప్పులు బయటే వదలాలి. కాబట్టి పదకొండులోపు చేరండి. ఆలస్యమవుతుందనుకుంటే బ్యాగులో రెండు జతల సాక్సులు పడేసుకోండి, మధ్యాహ్నం ఆ బండల మీద ఒట్టి కాళ్లతో నిలవలేరు.