మెకానిక్ షెడ్డులో గాలి ఎటు పోతుంది?

మే నెల మధ్యాహ్నం విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా రేకుల షెడ్డు కింద ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. నెత్తిన రేకు పెనంలా కాలుతుంటుంది, ఎదురుగా ఇంజను సెగ కొడుతుంటుంది. ఆ రెండింటి మధ్య ఒక మనిషి రోజుకు పది గంటలు వంగి పనిచేస్తాడు. సొంతంగా షెడ్డు పెట్టుకునే మెకానిక్ పానాల సెట్టుకు, జాకీలకు, కంప్రెసర్‌కు రూపాయి రూపాయి లెక్కవేస్తాడు. షెడ్డును మాత్రం తాపీమేస్త్రీకి, వెల్డరుకు వదిలేస్తాడు. షెడ్డు కూడా పనిముట్టేనని, అన్నిటికంటే ముందు కొనవలసిన పనిముట్టు అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కొలతలతో మొదలుపెడదాం. కారు నాలుగు మీటర్ల పొడవే ఉన్నా, తలుపులు బార్లా తీసి, ముందు వెనుక మనిషి తిరగాలంటే ఒక్కో కారుకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కావాలి. ఎత్తు ఇంకా ముఖ్యం. లిఫ్టు బండిని ఆరడుగులు లేపుతుంది, పెద్ద బండి మరో ఆరడుగులుంటుంది. అందుకని చూరు దగ్గరే 14 అడుగులు ఉండేలా చూసుకోవాలి. ఈ ఎత్తు వేడికీ మందే. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. కప్పు నడినెత్తిన దానికి దారి వదిలి, గోడల అడుగున జాలీలు పెడితే, పైనుంచి వేడిగాలి పోతున్నకొద్దీ కిందినుంచి చల్లగాలి తనంతట తానే వస్తుంది. దీనికి కరెంటు ఖర్చు లేదు. రేకు మీద తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేస్తే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ సూత్రాన్ని నమ్ముకునే.

గాలి సంగతి వేడితో అయిపోలేదు. షెడ్డులో కంటికి కనిపించని వాయువులు చాలా తిరుగుతుంటాయి, ఒక్కోదాని నడక ఒక్కో తీరు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది నేల మీద పాకుతూ పోయి, బండి కిందికి దిగి పనిచేసే గుంతలో చేరుతుంది. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. వంటగ్యాసు జాతిదైన ఎల్‌పీజీ కూడా కిందికే దిగుతుంది. సీఎన్‌జీ అలా కాదు. అది గాలికంటే తేలిక కాబట్టి కప్పు కింద మూలల్లో చేరుతుంది. చార్జింగులో ఉన్న లెడ్ బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌దీ పై దారే. అది గాలిలో 4 శాతం దాటితే పేలగలదు. కాబట్టి కిటికీ ఒక్కటే పెట్టి ఊరుకుంటే కుదరదు. నేలను ఆనుకుని ఒక దారి, కప్పును ఆనుకుని ఒక దారి రెండూ ఉండాలి. గుంత విషయంలో నా మాట ఒక్కటే: లిఫ్టు కొనే స్తోమత ఉంటే గుంత తవ్వొద్దు. తప్పనిసరైతే దాని అడుగునుంచి గాలిని బయటికి లాగే ఏర్పాటు చేయండి, లోపల 24 వోల్టులు మించని దీపమే వాడండి.

వీటన్నిటికంటే నెమ్మదిగా, చప్పుడు చేయకుండా వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. వానాకాలంలో జల్లు కొడుతోందని షట్టరు సగం దించి, లోపల ఇంజను ట్యూనింగు చేస్తే తలనొప్పి, వికారం, మగత వస్తాయి. ఎండ దెబ్బనో, టిఫిన్ పడలేదనో అనుకుంటారు. సైలెన్సరుకు వేడిని తట్టుకునే గొట్టం తగిలించి పొగను గోడ అవతలికి పంపడం ఒక్కటే దీనికి సరైన ఉపాయం.

కంప్రెసర్ గాలిలో నీళ్లెందుకు వస్తాయని పెయింటర్లు విసుక్కోవడం తరచూ వింటాం. ఇందులో మిషను తప్పేమీ లేదు. 30 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమలో, ఒక ఘనమీటరు గాలి సుమారు 21 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. కంప్రెసర్ అలాంటి ఎనిమిది ఘనమీటర్లను ఒక్క ఘనమీటరులోకి కుక్కుతుంది. అంటే లోపల 168 గ్రాముల ఆవిరి. చల్లారాక ఆ చోటు మోయగలిగేది 30 గ్రాములే. మిగిలిన 138 గ్రాములు నీళ్లయి ట్యాంకులో, పైపులో పేరుకుంటాయి. అందుకే గాలి పైపును వంద అడుగులకు ఒక అడుగు వాటంతో బిగించాలి, చివర నీళ్లు వదిలే కుళాయి పెట్టాలి. పనిముట్లకు తీసే పాయను మెయిన్ పైపు పైభాగం నుంచి తీసి కిందికి వంచాలి. అలా చేస్తే పైపు అడుగున పారే నీళ్లు స్ప్రేగన్‌లోకి రావు. చవకని పీవీసీ పైపు వేయొద్దు. ఆ ఒత్తిడికి పగిలితే ముక్కలు చురకత్తుల్లా ఎగురుతాయి.

వెలుతురులోనూ ఒక కనికట్టు ఉంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. సెకనుకు 50 చుట్లకు దగ్గరగా తిరిగే బెంచి గ్రైండరు చక్రం ఆ వెలుతురులో మెల్లగా కదులుతున్నట్టో, ఆగిపోయినట్టో కనిపించవచ్చు. ఆగిందనుకుని చేయి పెడితే ఇంకేముంది! గ్రైండరు దగ్గర మినుకులేని ఎల్‌ఈడీ దీపం విడిగా పెట్టండి. పగటిపూటకు ఉత్తరం వైపు వెలుతురు మేలు. రోజంతా ఒకేలా ఉంటుంది, కళ్లలో కొట్టదు.

ఇక నేల. కృష్ణా డెల్టాలో చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా బెడ్ పోస్తే రెండేళ్లలో పగుళ్లు తేలతాయి. పైమట్టి తీసేసి గ్రావెల్ నింపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాకే కాంక్రీటు పోయాలి. కాంక్రీటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, సిమెంటు నీటితో రసాయనికంగా కలవడం వల్ల. వారం రోజులకు వచ్చేది మూడింట రెండొంతుల బలమే. పూర్తి బలానికి 28 రోజులు లెక్క. తడపడం మానేసి, పదో రోజునే లిఫ్టు బోల్టులు దింపేవాళ్లు దాని కింద నిలబడేది తామేనని గుర్తుంచుకోవాలి.

కాలిన ఆయిల్‌ను కాలువలో పారబోయకూడదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అది అధీకృత రీసైక్లర్లకే చేరాలి. కరెంటుకు సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపుల లీకేజీకే తెగే ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

ఈ నెలలో షెడ్డు పని మొదలుపెట్టేవారికి ఒక విన్నపం. కాంక్రీటు లారీని పిలిచేముందు, పొగ గొట్టానికీ, కరెంటు వైర్లకూ, నీళ్ల వాటానికీ కావలసిన పైపులు నేలలో వేశారో లేదో ఒకసారి నడిచి చూసుకోండి. పోశాక తవ్వితే ఆ బెడ్ మళ్లీ మొదటి బలానికి రాదు.