బిడ్డ ఏడిస్తే పాలు చాలనట్టేనా?

అమెరికాలో ఏ తెలుగింట కాన్పు జరిగినా మొదటి పది రోజుల్లో ఒక మాట వినిపిస్తుంది: "పిల్లకి పాలు చాలడం లేదేమో!" ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ అంటుంది, వీడియో కాల్‌లో నాయనమ్మ అంటుంది, నిద్రలేక సొమ్మసిల్లిన బాలింత తనకు తానే అనుకుంటుంది. వెంటనే డబ్బా పాలు కలుపుతారు. బిడ్డ తాగి మూడు గంటలు పడుకుంటుంది. "చూశావా, ఆకలే" అని తేల్చేస్తారు. చాలా ఇళ్లల్లో తల్లిపాలు తగ్గడం మొదలయ్యేది ఆ రాత్రి నుంచే.

బిడ్డ ఎంత తాగితే రొమ్ములో అంత పాలు ఊరతాయి. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. ఆ వేళ బిడ్డకు సీసా పట్టి, తల్లి పంపుతోనైనా పాలు తీయకపోతే, ఒంట్లో తయారీ ఆ మేరకు తగ్గుతుంది. ఒక సీసా రెండవుతుంది. చివరికి పాలు నిజంగానే చాలవు.

మరి చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపును బట్టి తెలియదు. డైపరూ తూకమూ చెబుతాయి. ఇక్కడి డైపర్లలో చాలావాటికి ముందువైపు సన్నటి పసుపు గీత ఉంటుంది, తడిస్తే నీలంగా మారుతుంది. అయిదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరు డైపర్లు తడవాలి. నల్లటి జిగురు విరేచనం పోయి పసుపు రంగుకు తిరగాలి. పుట్టిన బరువులో ఏడు నుంచి పది శాతం దాకా మొదట తగ్గడం మామూలే, రెండు వారాల్లో అది తిరిగి రావాలి. అందుకే మూడో రోజుకూ అయిదో రోజుకూ మధ్య పిల్లల డాక్టరు దగ్గర తూకం చూపించడం తప్పనిసరి. సిజేరియన్ అయినవారికి పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఈలోగా వచ్చే ముర్రుపాలు చెంచాడే అయినా ఆ చిట్టి పొట్టకు సాధారణంగా అవి సరిపోతాయి. తూకం పెరగకపోతే మాత్రం డాక్టరు చెప్పినట్టు డబ్బా పాలు పట్టాల్సిందే. అందులో తల్లి ఓడిపోయిందేమీ లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదు.

రొమ్ము పట్టినప్పుడు నొప్పి పుడుతుంటే చాలాసార్లు బిడ్డ నోరు సరిగా అందుకోవడం లేదన్నమాట. మొన మాత్రమే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి, బిడ్డ గడ్డం రొమ్ముకు తగలాలి. ఇది చూసి సరిచేసే లాక్టేషన్ కన్సల్టెంట్లు ఆసుపత్రుల్లో ఉంటారు. 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం చాలా ఇన్సూరెన్సులు ఈ సలహా ఖర్చునూ బ్రెస్ట్ పంపునూ భరించాలి. సిగ్గుపడకుండా అడగండి.

నిద్ర సంగతీ పాలతో ముడిపడిందే. పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ముక్కలు ముక్కలుగా. రాత్రీ పగలూ తేడా తెలిపే గడియారం ఒంట్లో కుదురుకోవడానికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. అంతదాకా రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగడం సహజం. సాయంత్రం పూట గంట గంటకూ అడగడమూ సహజమే. నిద్రలో దాదాపు సగం కలత నిద్ర. మూలుగుతుంది, మొహం చిట్లిస్తుంది, చేతులు విదిలిస్తుంది, కానీ లేవలేదు. అప్పుడు చటుక్కున ఎత్తుకుంటే మనమే లేపినవాళ్లమవుతాం. ఒక్క నిమిషం ఆగి చూడండి. ఏడుపు ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై తర్వాత నెమ్మదిస్తుందని 1962లోనే డాక్టర్ బ్రేజల్టన్ గమనించారు.

పడుకోబెట్టే తీరులో మాత్రం మన అలవాట్లు కొన్ని మానుకోవాలి. 1994లో అమెరికాలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు సగానికి పైగా తగ్గాయి. పిల్లల వైద్యుల సంఘం 2022లో మళ్లీ స్పష్టంగా చెప్పింది: గట్టి, చదునైన పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, ఇంకేమీ వద్దు. తల గుండ్రంగా రావాలని సూట్‌కేసులో తెచ్చే ఆవాల దిండు కూడా వద్దు. చీర ఉయ్యాలలో నిద్రపుచ్చి అలాగే వదిలేయకూడదు. తల్లి గదిలోనే బిడ్డ ఉండాలన్న మన పద్ధతిని ఆ సంఘం కూడా కనీసం ఆరు నెలల దాకా సమర్థిస్తుంది, మంచం మాత్రం వేరు. అర్ధరాత్రి సోఫాలో పాలిస్తూ కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం. ఏడాది నిండేదాకా తేనె నాకించకండి, బొటులిజం అనే జబ్బు రావచ్చు. ఆరు నెలల దాకా మంచినీళ్లూ అక్కర్లేదు, టెక్సస్ ఎండల్లో అయినా సరే.

ఇవన్నీ తెలిసినా తల్లికి సాయం లేకపోతే ఏదీ సాగదు. ఇండియాలో 2017 నుంచి చట్టం జీతంతో 26 వారాల దాకా ప్రసూతి సెలవు ఇస్తోంది. ఇక్కడ 1993 నాటి సమాఖ్య చట్టం ఇచ్చేది 12 వారాలు, జీతం లేకుండా, అదీ అర్హత ఉన్నవారికే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు సాధారణంగా దొరికేది ఆరు నెలలు. వాళ్లు విమానం ఎక్కాక ఇంట్లో మిగిలేది ఇద్దరు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో అపార్ట్‌మెంటు తలుపు వేసుకుంటే, హెచ్4 వీసా మీద ఉన్న అమ్మాయికి పగలంతా మాట్లాడే మనిషే ఉండదు. ఆ ఒంటరితనం బిడ్డ ఏడుపు కన్నా బరువు.

కాబట్టి తండ్రులకు నేరుగా చెబుతున్నాను. పాలివ్వలేకపోయినా మిగతా రాత్రి పని మీది. డైపర్ మార్చండి, భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి, పంపు గిన్నెలు కడగండి. తల్లికి నాలుగయిదు గంటలు ఏకబిగిన నిద్ర పట్టేలా చూడండి. బిడ్డ నిద్రపోతున్నా ఆమెకు నిద్ర పట్టడం లేదంటే, రెండు వారాలు దాటినా కళ్లు తడుస్తూనే ఉంటే, అది పెంకితనం కాదు. అమెరికాలో ఎనిమిది మంది తల్లుల్లో ఒకరికి ప్రసవం తర్వాత డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తున్నాయి. మందు ఉంది, మాట సాయం ఉంది. ఇలాంటి తల్లుల కోసమే ఉన్న 1-833-852-6262 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, దుబాసీని అడగవచ్చు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, పాలకు లేపినా లేవకపోయినా, ఆకుపచ్చగా కక్కినా తెల్లవారే దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.