సంచీలో వేసవి తీపి... భీమాలి మామిడి తాండ్ర!

ఊరెళ్ళి వచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పేలోగానే పిల్లల చూపు సంచీ మీదకు పోతుంది. "మాకేం తెచ్చావ్?" అన్న ప్రశ్నకి మన తెలుగునాట ఒక్కో ఊరు ఒక్కో జవాబు సిద్ధం చేసి పెట్టుకుంది. బందరు వెళ్తే లడ్డు, తాపేశ్వరం వెళ్తే మడత కాజా, ఆత్రేయపురం వెళ్తే పూతరేకులు, పలాస వెళ్తే జీడిపప్పు. మరి విజయనగరం వెళ్తేనో? ఆ వైపు ఆడపడుచుల్ని అడిగి చూడండి. "భీమాలి తాండ్ర" అని ఠక్కున చెబుతారు.

భీమాలి విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని పల్లెటూరు. కొత్తవలసకీ శృంగవరపుకోటకీ నడుమ ఉన్న ప్రాంతం అది. విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలు లక్కవరపుకోట మీదుగానే పోతుంది. అంటే అరకు అందాలు చూడ్డానికి వెళ్ళిన మీలో చాలామంది ఆ తాండ్ర ఊరికి దగ్గర్లోంచే వెళ్ళి ఉంటారన్నమాట!

తాండ్ర ఒక్క మామిడితోనే కాదు, తాటిపండు గుజ్జుతోనూ పనస తొనలతోనూ కూడా చేస్తారు. పొరుగు రాష్ట్రాలకీ ఇది తెలిసిన రుచే. ఒడియా వాళ్ళు అంబసఢా అంటారు, బెంగాలీలు ఆమ్‌సత్త అంటారు, హిందీ వాళ్ళు ఆమ్ పాపడ్ అంటారు. మన గోదావరి జిల్లాల్లోనూ తాండ్రకి పేరుంది. ఎక్కడ చేసినా కిటుకు మాత్రం ఒక్కటే: పండు ఉన్నప్పుడే, ఎండ ఉన్నప్పుడే దాచుకోవాలి.

పొర మీద పొర

బాగా పండిన, రసం దండిగా దిగే పళ్ళు తీసుకుంటారు. కడిగి, పిండి, పీచూ తొక్కలూ పోయేలా వడకడతారు. పంచదార గాని బెల్లం గాని కలిపి, ఆ రసాన్ని చాపల మీద పల్చగా పరిచి ఎండబెడతారు. అది ఆరాక దాని మీద మరో పొర. అదీ ఆరాక ఇంకో పొర. ఇలా రోజుల తరబడి సాగుతుంది పని.

"ఒక్కసారే మందంగా పోసేస్తే పోదా?" అంటారేమో! అక్కడే ఉంది అసలు సంగతి. మందంగా పోస్తే పైన చర్మంలా తోలు కట్టేస్తుంది. లోపలి తడి బయటకి రాలేక పులిసిపోతుంది. పల్చటి పొరైతే అడుగుదాకా ఆరుతుంది. తడి పోయి, తీపీ పులుపూ చిక్కబడ్డాక ఇక బూజుకి చోటుండదు. అందుకే వేసవిలో చేసిన తాండ్ర నెలల తరబడి నిలవుంటుంది.

ఈ పనికి ఏప్రిల్, మే, జూన్ మొదటి వారాలే గడువు. ఆ మధ్యలో ఒక్క అకాల వాన పడిందంటే చాపలన్నీ ఎత్తి లోపలికి పరుగెత్తాల్సిందే. తడిస్తే అన్నాళ్ళ శ్రమా పోయినట్టే. చెట్లకీ గండాలు లేకపోలేదు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ విశాఖ, విజయనగరం వైపు, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ శ్రీకాకుళం ఉద్దానంలో తోటలకి తోటల్నే పడగొట్టాయి. మామిడి మొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది కదా!

మీ మేడ మీద మీరే చేసుకోవచ్చు

కావలసినవి: వడకట్టిన మామిడి రసం 1 కిలో, పంచదార లేదా బెల్లం పొడి 250 గ్రాములు, చిటికెడు ఉప్పు, కొద్దిగా యాలకుల పొడి, పళ్ళేనికి రాయడానికి నెయ్యి.

చేసే విధానం: రసంలో పంచదార, ఉప్పు వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. దించి యాలకుల పొడి కలిపి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నెయ్యి రాసిన వెడల్పు స్టీలు పళ్ళెంలో ఒక గరిటె రసం పల్చగా పరవండి. పైన పల్చటి గుడ్డ వాసెన కట్టి ఎండలో పెట్టండి. వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడే రెండో పొర వెయ్యాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చెయ్యండి. రసం రెండు మూడు రోజుల్లో అయిపోయేలా రెండు పళ్ళాల్లో వేసుకుంటే పులిసిపోతుందన్న బెంగ ఉండదు. చివరి పొర ఆరాక తిరగేసి అడుగు కూడా ఎండనిచ్చి ముక్కలు కొయ్యండి. సుమారు అరకిలో తాండ్ర వస్తుంది.

కొనేటప్పుడు కళ్ళు తెరిచి...

మంచి తాండ్రని విరిచి చూస్తే అంచున పొరలు కనిపిస్తాయి. రంగు ముదురు బంగారంలానో, కాస్త గోధుమ రంగులోనో ఉంటుంది. బెల్లం వేసినదైతే ఇంకా నలుపు తిరుగుతుంది. నిమ్మపండులా, నారింజలా మెరిసిపోతోందంటే రంగు కలిపారేమో అని అనుమానించాలి.

ప్యాకెట్టు కొంటే వెనక్కి తిప్పి చదవండి. ఏ పదార్థం ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలని నిబంధన. మామిడి గుజ్జు కన్నా ముందు పంచదార పేరు ఉందంటే మీరు కొంటున్నది పండు కన్నా పంచదారే ఎక్కువ! 220, 224 అనే అంకెలు కనిపిస్తే నిలవకి గంధకం మందు వాడారని అర్థం. ఆస్తమా ఉన్నవాళ్ళకి కొందరికి అది పడదు. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు, తయారైన తేదీ కూడా చూసుకోండి. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్ళుంటే చిన్న ముక్కతో సరిపెట్టండి. ఎండిన పండులో తీపి రెట్టింపవుతుంది మరి.

పూతరేకుల్లా ఇది నలగదు, పచ్చడిలా కారదు, ప్రయాణంలో ఐసూ అక్కర్లేదు. నూనె కాయితంలో చుట్టి, తడి లేని డబ్బాలో పెడితే చాలు. వానాకాలంలో మాత్రం ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. బూజు కనిపిస్తే ఆ మేరకు గీకేసి తినకండి, మొత్తం పారెయ్యండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అమ్మాయికి పట్టుకెళ్తుంటే, విమానాశ్రయంలో తినుబండారం ఉందని ముందే చెప్పండి. దాచి దొరికిపోతే జరిమానా పడుతుంది.

బేరమాడే ముందు ఒక్క లెక్క

మన ఇంటి కొలతతోనే చూడండి. కిలో తాండ్రకి రెండు కిలోల రసం కావాలి. అంత రసం దిగాలంటే సుమారు నాలుగు కిలోల పళ్ళు పిండాలి. పైన అరకిలో పంచదార. ఆ పైన చాపల పక్కన మబ్బు కేసి చూస్తూ గడిపిన రోజులు. పళ్ళు పిండి, వడకట్టి, చాపలు ఎత్తి దించే చేతుల్లో ఆడవాళ్ళ చేతులే ఎక్కువ. ఈ లెక్క తెలిశాక, మరీ చవగ్గా దొరికే తాండ్రలో పండెంత ఉందో మీకే అర్థమవుతుంది. అసలైన తాండ్ర ధర కాస్త ఎక్కువనిపించినా గీచి గీచి బేరమాడబుద్ధి కాదు.

ఈసారి అరకు వెళ్తున్నా, పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తున్నా భీమాలి తాండ్ర అడిగి తెచ్చుకోండి. అక్టోబరులో మామిడిపండు రుచి చూపిస్తే మీ పిల్లలు కాదంటారా?