బోర్డు కాదు, వార్డు చూడండి

మరమగ్గాల మీద కూడబెట్టిన డబ్బుతో పిల్లల్ని నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా చూడాలనుకుంటున్న సూరత్ తెలుగు కుటుంబాలను చిన్న ప్రత్యేక కాలేజీలు ఆకర్షిస్తున్నాయి. వాటిలో ఏది నమ్మదగ్గదో తేల్చేది వాటి వెనకున్న ఆస్పత్రే.

సూరత్ నుంచి నవ్‌సారీ వెళ్లే రోడ్డు మీద, పాండేసరా మిల్లులు దాటాక, సచిన్ పారిశ్రామికవాడకు ముందు తగిలే ప్రాంతం ఉన్. ఈ దారి పొడవునా బతికేది ఎక్కువగా వలస వచ్చినవాళ్లే. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్ల సరసన తెలంగాణ వాళ్లూ ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల్లో చేనేత కుంగిపోతున్న కొద్దీ పద్మశాలి కుటుంబాలు భివండీ, షోలాపూర్‌లతో పాటు సూరత్ దారి కూడా పట్టాయి. లింబాయత్, ఉధ్నా, డిండోలీ వంటి చోట్ల తెలుగు బస్తీలు వెలిశాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీ, మరాఠీ, ఒడియా బడులతో పాటు తెలుగు మాధ్యమం బడులూ నడుపుతోందంటే ఈ వలస ఎంత పాతదో అర్థమవుతుంది.

తాతలు మగ్గం నేశారు. తండ్రులు మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టులు చేశారు. మనవలు మాత్రం ఆ చప్పుడుకు దూరంగా బతకాలని ఇంటిల్లిపాదీ కోరుకుంటోంది. ఎంబీబీఎస్ అందని పండు. నీట్ కోచింగ్ ఖర్చు తట్టుకోవడమే కష్టం. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ, ఆప్టోమెట్రీ, డయాలసిస్ వంటి కోర్సులు చేతికందేలా కనిపిస్తాయి. రెండు నుంచి నాలుగేళ్ల చదువు, ఆపైన నెల జీతం, తెల్లకోటు. వీటిని బోధించే సంస్థల్లో చాలావరకు చిన్నవి, ఒకటి రెండు కోర్సులకే పరిమితమైనవి. కొన్ని ఆస్పత్రి ఆవరణలో నడుస్తాయి, మరికొన్ని దుకాణాల పైఅంతస్తులో.

చిక్కు ఇక్కడే వస్తుంది. చిన్నది కాబట్టి శ్రద్ధగా చెబుతారని కొందరు నమ్ముతారు. చిన్నది కాబట్టి నాసిరకమని మరికొందరు తోసిపుచ్చుతారు. నిజానికి ఆరోగ్య రంగంలో కాలేజీ సైజు ఏమీ చెప్పదు. ఈ చదువులో సగం వార్డులోనూ, ల్యాబ్‌లోనూ, ఆపరేషన్ థియేటర్‌లోనూ సాగాలి. ఆ సగం ఉందా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

చిన్నదనం బలమైన చోట

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇందుకు చక్కటి ఉదాహరణ. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు చొరవతో 1987లో మొదలైన ఈ సంస్థ ఆధ్వర్యంలో బాష్ అండ్ లాంబ్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ నడుస్తోంది. అక్కడ బోధించేది కంటి పరీక్షల విద్య ఒక్కటే. అయినా ఆ విద్యార్థి చుట్టూ రోజంతా కంటి రోగులే ఉంటారు. నాలుగేళ్ల ఆప్టోమెట్రీ డిగ్రీలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్పే. ఇంటర్ చదివిన పల్లెటూరి యువతీయువకులను ఏడాది శిక్షణతో విజన్ టెక్నీషియన్లుగా తీర్చిదిద్ది, గ్రామీణ కంటి పరీక్షా కేంద్రాల్లో నియమించే పద్ధతినీ ఆ సంస్థే పెంచి పోషించింది. చెన్నైలో శంకర నేత్రాలయకు అనుబంధంగా 1985లో మొదలైన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీదీ ఇదే బాట. మైసూరులో 1965లో ఏర్పాటైన అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ కూడా వినికిడి, మాట సమస్యల విద్యకే పరిమితమై దేశమంతటా పేరు తెచ్చుకుంది.

వీటన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే. చదువు ఆస్పత్రితోనో చికిత్సా కేంద్రంతోనో ముడిపడి ఉంది. కేంద్రం లెక్క కూడా ఇలాంటిదే. 2023 ఏప్రిల్‌లో రూ.1,570 కోట్లతో 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు, వాటిని 2014 తర్వాత వచ్చిన వైద్య కళాశాలల పక్కనే పెట్టాలని నిర్ణయించింది. ఏటా సుమారు 15,700 మంది నర్సింగ్ పట్టభద్రులు వస్తారన్నది అంచనా. అంటే కాలేజీకి వంద మంది. చిన్న కాలేజీలే, కానీ గోడ పక్కనే పెద్దాస్పత్రి.

సూరత్‌కు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పాకగానే లక్షల మంది నగరం వదిలిపోయారు. ప్రైవేటు వైద్యుల్లో పలువురు క్లినిక్‌లకు తాళాలు వేశారు. భారమంతా మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆస్పత్రి మీద పడింది. ఆరోగ్య వ్యవస్థ అంటే డాక్టర్లు మాత్రమే కాదనీ, నర్సు, ల్యాబ్ మనిషి, పారిశుద్ధ్య సిబ్బంది కలిస్తేనే అది నడుస్తుందనీ ఆ నగరం అప్పుడు నేర్చుకుంది. ఇప్పుడు న్యూ సివిల్ ఆవరణలో ప్రభుత్వ వైద్య కళాశాలతో పాటు ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. కార్పొరేషన్‌కు సొంతంగా స్మిమేర్ పేరిట వైద్య కళాశాల, ఆస్పత్రి ఉన్నాయి. వాటి సీట్లు పరిమితం కాబట్టి, అక్కడ చోటు దొరకనివాళ్లు ప్రైవేటు గుమ్మం తొక్కుతారు.

కాగితం మీది ఆస్పత్రులు

ఆ గుమ్మం దాటే ముందు మధ్యప్రదేశ్‌లో ఏం జరిగిందో తెలుసుకోవడం మంచిది. సరైన భవనం, ఆస్పత్రి, అధ్యాపకులు లేకుండానే నర్సింగ్ కాలేజీలకు అనుమతులిచ్చారన్న ఫిర్యాదుతో అక్కడి హైకోర్టు సీబీఐని రంగంలోకి దింపింది. 308 కాలేజీలను తనిఖీ చేసిన సీబీఐ 2024 ఫిబ్రవరి నాటికి వాటిలో 169 మాత్రమే సవ్యంగా ఉన్నాయని నివేదించింది. కథ అక్కడితో ముగియలేదు. అనుకూలంగా నివేదిక ఇచ్చేందుకు లంచాలు తీసుకున్నారన్న ఆరోపణపై అదే ఏడాది మే నెలలో సీబీఐ తన సొంత అధికారులనే అరెస్టు చేయాల్సి వచ్చింది. సవ్యమన్న 169 కాలేజీలనూ మళ్లీ తనిఖీ చేయాలని హైకోర్టు ఆదేశించింది. ఈ గొడవల్లో పరీక్షలు వాయిదా పడి ఏళ్లు నష్టపోయింది విద్యార్థులే.

అనుమతి పత్రం అవసరమే గానీ అదొక్కటే సరిపోదని ఈ ఉదంతం చెబుతోంది. నర్సింగ్ కాలేజీకి కనీసం వంద పడకల మాతృ ఆస్పత్రి ఉండాలనీ, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున అందుబాటులో ఉండాలనీ భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు పెట్టింది. ఈ రెండు అంకెలూ తల్లిదండ్రుల చేతిలో మంచి ఆయుధాలు. అరవై మంది విద్యార్థుల బృందం ఉందంటే 180 మంది రోగులు కనిపించాలి. పగటిపూట ఆస్పత్రికి వెళ్లి వార్డుల్లో నడిస్తే, పడకలు నిండుగా ఉన్నాయో లేదో పావుగంటలో తెలిసిపోతుంది. యూనిఫాం వేసుకున్న విద్యార్థులు రోగి మంచం పక్కన ఉన్నారా, వరండాలో కూర్చున్నారా అన్నది కూడా కళ్లకు కడుతుంది.

ఎవరి గుర్తింపు?

రెండో వల 'ప్రభుత్వ గుర్తింపు పొందినది' అనే మాట. ట్రస్టు రిజిస్ట్రేషన్ కావచ్చు, ఐఎస్ఓ సర్టిఫికెట్ కావచ్చు, బోర్డు మీద అదే గుర్తింపుగా మారుతుంది. కోర్సును బట్టి గుర్తింపు ఇచ్చే సంస్థ మారుతుంది. నర్సింగ్‌కు రాష్ట్ర నర్సింగ్ మండలి. ఫార్మసీకి 1948 నాటి చట్టం కింద ఏర్పడిన ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దాని ఆమోదం లేని కాలేజీలో చదివితే ఫార్మసిస్టుగా నమోదు కావడం కుదరదు, నమోదు లేకుండా మందులిచ్చే అర్హత రాదు. వినికిడి, మాట చికిత్సల కోర్సులకు పునరావాస మండలి.

ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ల వంటి కోర్సులకు చాలాకాలం జాతీయ స్థాయిలో యజమాని లేడు. రాష్ట్రానికో తీరు, సంస్థకో సిలబస్. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ లోటు తీర్చడానికి వచ్చింది. దాని కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో పలు కోర్సులకు ఏకరూప పాఠ్యప్రణాళికలు ప్రకటించింది. ఆ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలో నడపరాదని యూజీసీ అదే ఏడాది ఆదేశించింది. ఇంట్లో కూర్చుని ఇలాంటి డిగ్రీ పొందవచ్చని చెప్పే ఏజెంటును నమ్మితే డబ్బూ, కాలమూ రెండూ పోతాయి.

వలస కుటుంబానికి మరో ముడి కూడా ఉంది. సూరత్‌లో చదివిన తెలుగు బిడ్డ సీటు విషయంలో ఎక్కడి వాడు? అడ్మిషన్ల దగ్గర లెక్కకొచ్చేది ఊరి పేరు కన్నా చదివిన చోటే. ఎంబీబీఎస్, బీడీఎస్ ప్రవేశాల్లో స్థానికులుగా పరిగణించాలంటే వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివుండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. నర్సింగ్, ఫార్మసీలకు కూడా స్థానికత ప్రశ్న ఎదురవుతుంది. ఎనిమిదో తరగతి దాకా సూరత్‌లో చదివించి తర్వాత ఊరికి పంపే కుటుంబాలు, రెండు రాష్ట్రాల నిబంధనలనూ పదో తరగతి నాటికే సరిచూసుకోకపోతే బిడ్డ రెండు చోట్లా పరాయి అవుతాడు. చదువు ఒకచోట, ఉద్యోగం మరోచోట అయితే నర్సులు రిజిస్ట్రేషన్‌ను ఒక రాష్ట్ర మండలి నుంచి మరో రాష్ట్ర మండలికి మార్పించుకోవాలి.

ఇంటర్‌లో తీసుకున్న గ్రూపు కూడా ఇక్కడ దారి మార్చేస్తుంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్పనిసరి. మూడేళ్ల జీఎన్ఎంకు ఏ గ్రూపు వారైనా అర్హులే, ఇంగ్లిష్‌లోనూ మొత్తంగానూ కనీస మార్కులుంటే చాలు. కామర్స్ చదివిన అమ్మాయికి నర్సింగ్ తలుపు మూసుకుపోయిందని చెప్పేవారి మాట నిజం కాదు.

ఇరుకు దారి వెల

ప్రత్యేక కోర్సుకు మరో వైపు కూడా చూడాలి. నైపుణ్యం ఎంత ఇరుకైతే ఉద్యోగం దొరికే చోట్లు అంత తగ్గుతాయి. డయాలసిస్ టెక్నీషియన్‌కు యంత్రాలున్న చోటే పని. 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాక జిల్లా ఆస్పత్రులకూ ఆ యంత్రాలు రావడంతో దారి కొంత విశాలమైంది. అయినా జీఎన్ఎం నర్సు ఏ వార్డులోనైనా ఇమిడినంత సులువుగా డయాలసిస్ టెక్నీషియన్ ఇమడలేడు. పై చదువుకు వీలిచ్చే డిగ్రీనా, అక్కడితో ఆగిపోయే సర్టిఫికెట్టా అన్నది ఫీజు కట్టే ముందే తేల్చుకోవాలి.

అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. గత రెండు బ్యాచ్‌లలో ఎందరు చేరారు, ఎందరు పాసయ్యారు, ఎందరికి రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది? వాళ్లలో ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడే వీలుందా? అధ్యాపకులు రోజూ వస్తారా, తనిఖీ నాడే కనిపిస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటామంటే అక్కడికక్కడే వెనక్కి తిరగడం మేలు. కాలేజీలు అలా చేయరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది.

మంచి చిన్న కాలేజీ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు, వార్డులోకి తీసుకెళ్లి చూపిస్తుంది. నేత పని తెలిసిన కుటుంబానికి ఈ పరీక్ష కొత్తేమీ కాదు. బట్ట కొనే ముందు అంచు రంగు చూసి మోసపోకుండా వేలితో నూలు పట్టి చూసే అలవాటు వాళ్లకుంది. బిడ్డ చదువు విషయంలోనూ అదే వేలు కదలాలి.