ఇళ్ళ మధ్య టర్కీ కోళ్ళ పెంపకం

టర్కీ కోడి (శాస్త్రీయ నామము: మెలియాగ్రిస్ గాల్లోపావో) ఉత్తర అమెరికా ఖండానికి చెందిన పెద్ద పక్షి. ఆంధ్ర ప్రదేశ్‌లో దీనిని ప్రధానంగా మాంసం కొరకు పెంచుతారు. కొందరు ముచ్చటపడి పెరటిలో ఒకటి రెండు జతలు పెంచుకుంటారు. అనకాపల్లి జిల్లాలోని కె.కోటపాడు (2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోనిది) వంటి మండల కేంద్రాలలోను, నగర శివారు పేటలలోను ఇళ్ళు, నాటుకోళ్ళు పక్కపక్కనే ఉంటాయి. అటువంటి చోట టర్కీని బ్రతికించుకోవడం నాటుకోడిని పెంచినంత తేలిక కాదు.

చరిత్ర

ఈ పక్షిని మొదట మచ్చిక చేసినది మెక్సికో ప్రాంతపు ప్రజలు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఐరోపాకు తెచ్చారు. 1612లో గోవా నుండి ముకర్రబ్ ఖాన్ తెచ్చిన టర్కీని చూసి మొగలు చక్రవర్తి జహంగీర్ ఆశ్చర్యపోయి, దాని తలపై రంగులు మారే తీరును తన స్వీయచరిత్రలో వర్ణించాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దానిని చిత్రించాడు. టర్కీ దేశంతో ఈ పక్షికి సంబంధం లేదు. విచిత్రమేమంటే తుర్కీ భాషలో దీనిని "హిందీ", అనగా భారతదేశపుది అంటారు.

స్వభావము, అరుపు

బాగా ఎదిగిన పుంజు బరువు 10 కిలోలు దాటవచ్చు. గొంతులో గుడగుడలాడినట్లుండే పెద్ద అరుపు పుంజుదే. పెట్ట ఇంత గట్టిగా అరవదు. లారీ హారన్, బాణాసంచా, డప్పు వంటి ఆకస్మిక శబ్దానికి పుంజు వెంటనే బదులు పలుకుతుంది. కనుక ఇరుగుపొరుగుతో తగవు రాకూడదనుకునేవారికి పెట్టలే అనువైనవి.

గుడ్లు పొదగడానికి 28 రోజులు పడుతుంది (నాటుకోడికి 21). పిల్లలు మొదటి రోజులలో మేతను, నీటిని తమంతట గుర్తించలేక చనిపోవచ్చు. అందువలన నీటి పళ్ళెంలో రంగు గోళీలు వేసి వాటి దృష్టిని ఆకర్షిస్తారు.

వ్యాధులు

నాటుకోళ్ళతో కలిపి పెంచడం చాలామంది చేసే పొరపాటు. బ్లాక్‌హెడ్ వ్యాధిని కలిగించే హిస్టోమోనాస్ అనే ఏకకణజీవి, కోళ్ళ పేగులలోని హెటిరాకిస్ అనే నులిపురుగు గుడ్ల ద్వారా వ్యాపిస్తుంది. కోడికి సాధారణంగా పెద్దగా హాని జరగదు. టర్కీకి మాత్రం కాలేయం, పేగులు దెబ్బతిని, పసుపు పచ్చని రెట్ట వేస్తూ మరణిస్తుంది. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. వానపాములు కూడా వాటిని మోస్తాయి. అనగా నిన్నటి దాకా కోళ్ళు తిరిగిన పెరడు, నేడు కోళ్ళు లేకపోయినా, టర్కీకి ప్రమాదకరమే. నేలపై తిరగనీయక ఎత్తైన జాలీ గూటిలో ఉంచితే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది. పేరును బట్టి తల నల్లబడుతుందని ఎదురుచూడరాదు, అన్నిసార్లు అలా జరగదు.

పక్షి జ్వరం (బర్డ్ ఫ్లూ) విషయంలో పొరుగువారి కోళ్ళతో మరింత సంబంధం ఉన్నది. ఈ వ్యాధి 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను బయటపడింది. వ్యాధి నిర్ధారణ అయిన చోటి నుండి 1 కి.మీ. పరిధిలోని పెంపుడు కోళ్ళ జాతి పక్షులన్నిటినీ చంపి పూడ్చివేయాలని కేంద్ర ప్రభుత్వ కార్యాచరణ ప్రణాళిక చెబుతున్నది. యజమానులకు పరిహారం లభిస్తుంది కాని, ముచ్చటకు పెంచినవని, ఆరోగ్యంగా ఉన్నవని టర్కీలకు మినహాయింపు ఉండదు.