ఐర్లండులో మాస్టార్లు

ఐర్లండు పల్లెల్లో పాతతరం వాళ్ళు బడిలో చదువు చెప్పే మగవారిని "ద మాస్టర్" అనేవారు. లిస్టోవెల్ ఊళ్ళో నలభై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన రచయిత బ్రయన్ మెక్‌మాన్, 1992లో వచ్చిన తన ఆత్మకథకు ఆ పేరే పెట్టుకున్నారు. మన "మాస్టారు"కీ మూలం ఆ మాటే. ఊళ్ళో ఉత్తరం చదివించుకోవాలన్నా, అర్జీ రాయించుకోవాలన్నా అక్కడా ఇక్కడా ఆయన గుమ్మమే దిక్కుగా ఉండేది.

ఇప్పుడు ఇక్కడ ఆయన కనిపించడం అరుదు. మా అబ్బాయి డబ్లిన్‌లో జూనియర్ ఇన్‌ఫాంట్స్ నుంచి సిక్స్త్ క్లాసు దాకా ఎనిమిదేళ్ళు చదివితే, మగ టీచరు దొరికింది ఒక్క ఏడాదే. దేశం మొత్తమ్మీద లెక్క కూడా ఇంచుమించు అంతే. ప్రాథమిక పాఠశాలల్లో నూటికి పదిహేనుమంది మగవారు. 1970 ప్రాంతాల్లో దాదాపు మూడోవంతు ఉండేవారు.

మన దేశంలోనో? 2024-25 యూడైస్ లెక్కల్లో టీచర్లు కోటి దాటారు. అందులో ఆడవారు 54 శాతం. ఇది హైస్కూళ్ళనూ కలుపుకున్న లెక్క, ఐర్లండుది ప్రాథమికం మాత్రమే. కాబట్టి రెంటినీ ఒకే త్రాసులో తూచకూడదు. అయినా తేడా చిన్నదేం కాదు.

ఐర్లండులో ఒకప్పుడు మగవారు అంతమంది ఉండడం వెనక కొంత కట్టుబాటు ఉంది. 1934 నుంచి 1958 దాకా, కొత్తగా చేరిన టీచరమ్మలు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం వదులుకోవాల్సిందే. పైగా శిక్షణ కాలేజీలు వేరువేరు. డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్స్ మగవారికి, కేరీస్‌ఫర్ట్, లిమరిక్‌లోని మేరీ ఇమాక్యులేట్ ఆడవారికి. అంటే మగవారికి కొన్ని సీట్లు చెప్పకుండానే కేటాయించినట్టు. 1970 ప్రాంతాల్లో కాలేజీలు కలిసిపోయాక మార్కులదే రాజ్యమైంది. మార్కుల్లో అమ్మాయిలు ముందున్నారు. అబ్బాయిలేమో అసలు దరఖాస్తే పెట్టడం తగ్గించారు.

మనవైపు చక్రం ఇంకో రకంగా తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం రిజర్వేషను వచ్చింది, తర్వాత అది మూడోవంతైంది. అక్కడ ఆడవారిని లోపలికి తేవడానికి జీవో కావలసివచ్చింది. ఇక్కడ మగవారిని రప్పించడానికి 2000ల్లో ప్రభుత్వం కమిటీ వేసి నివేదిక రాయించింది. మన సినిమాల్లో 1972లో "బడిపంతులు", 1977లో "పంతులమ్మ" వచ్చాయి. బళ్ళు మాత్రం ఆ వేగంతో మారలేదు.

మగ టీచరు చెబితేనే మగపిల్లలకు చదువొస్తుందనడానికి గట్టి ఆధారమేమీ లేదు. నా బెంగ వేరు. మన ఇళ్ళల్లో అబ్బాయి టీచరునవుతానంటే "ఇంకేం దొరకలేదా?" అంటాం. మాస్టారంటే లేచి నిలబడ్డ తరం మనది!

సరే, వాడు పట్టుబట్టాడనుకుందాం. అప్పుడు ఐరిష్ భాష అడ్డొస్తుంది. ఇక్కడ ప్రాథమిక టీచరు ఐరిష్ కూడా చెప్పాలి కనక, ఇంటర్ స్థాయి లీవింగ్ సర్ట్ నుంచి నేరుగా బి.ఎడ్.లో చేరాలంటే ఐరిష్ హయ్యర్ లెవెల్లో కనీసం హెచ్4 రావాలి. 2019 నిబంధనల ప్రకారం, పన్నెండేళ్ళు నిండేదాకా వేరే దేశంలో చదివి వచ్చిన పిల్లలకు ఐరిష్ నుంచి మినహాయింపు దొరకవచ్చు. మనవాళ్ళు చాలామంది "ఒక సబ్జెక్టు తగ్గింది" అని సంతోషంగా సంతకం పెడతారు. ఆ సంతకంతో ఈ ఉద్యోగానికి నేరుగా వెళ్ళే దారి కూడా మూసుకుపోతుందని బళ్ళో ఎవరూ పనిగట్టుకుని చెప్పరు.

పెద్దయ్యాక దారి అసలు లేకపోలేదు. విదేశాల్లో శిక్షణ పొందిన ప్రాథమిక టీచర్లకు, అర్హతలు సరితూగితే, టీచింగ్ కౌన్సిల్ షరతులతో నమోదు ఇస్తుంది. మూడేళ్ళలో ఐరిష్ అర్హత సంపాదించాలి. పదమూడేళ్ళ పిల్లాడికి బరువనుకున్న భాషను ముప్ఫయ్యేళ్ళు దాటాక, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకోవాలన్నమాట.