పోతబొమ్మ కారును చక్కదిద్దుట



అరువది దాటిన బడిపంతులు బొమ్మకారును గూర్చి ప్రసంగింప వచ్చినాడేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఛందస్సును, వ్యాకరణమును చెప్పిన నోటితోనే నేడు లప్పమును గూర్చియు, ఆకురాతిని గూర్చియు చెప్పవలసివచ్చినది. దానికి కారణ మిది.

1989వ సంవత్సరమున, శ్రావణమాసపు జడివానలో, మా పల్లెనుండి జనగామ ఆసుపత్రికి నా భార్యను ప్రసవమునకై చేర్చినది యొక తెల్లని అంబాసిడరు కారు. ఊరికంతకు అదియొక్కటియే అద్దెకారు. ఆ రాత్రి పుట్టిన పిల్లవాడే యిప్పుడు హైదరాబాదులోని హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచు, కొండాపురమున తొమ్మిదవ అంతస్తులో కాపురమున్నాడు. ఆ ప్రయాణపు ముచ్చటను ఆమె బ్రతికియున్నన్నాళ్లు పండుగ పండుగకు చెప్పుచుండెడిది. రెండేండ్ల క్రిందట ఆమె కాలము చేసినది. ఈ యేటి ఆబ్దికమునాటికి ఆమె పటము చెంత నుంచవలెనని మావాడు ఆ కారు నమూనాకు కావలసిన ముక్కల పెట్టె నొకదానిని తెప్పించినాడు. పెట్టె విప్పిచూచుసరికి వాని ముఖము వాడినది. పైకప్పునిండ చిల్లులు, వంగిన అడుగుపలక, సగము లేని దీపము. అమ్మినవాడు మరల పుచ్చుకొనడట. "పారవేయుదము నాన్నా" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆబ్దికమునకు నలువది దినముల గడువున్నది. నేను, పండ్రెండేండ్ల నా మనుమడు ఆ పనికి పూనుకొంటిమి.

ముందుగా అసలు కారును గూర్చి రెండు మాటలు. అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించినది. హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1950 దశకము చివరనుండి దానిని తయారుచేసిరి. 2014వ సంవత్సరము మే నెలలో ఆ తయారీ నిలిచిపోయినది. పొడవు 14 అడుగులకు పైన రెండంగుళములు. ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు నడుమ దూరము 97 అంగుళములు. మా నమూనా దానికి 24వ వంతు. అనగా కారు పొడవు సుమారు 7 అంగుళములు, ఇరుసుల నడిమి దూరము 4 అంగుళములకు ఇంచుక హెచ్చు.

ఇట్టి నమూనాలు రెండు తీరులు. వేలకొలది అమ్ముడుపోవునవి ఉక్కు మూసలలో కరగిన ప్లాస్టిక్కును ఒత్తి తీయుదురు. ఆ మూసకు మిక్కిలి ధనము పట్టును. కొద్దిమంది మాత్రమే కోరు బండ్లను రెజిను అను పదార్థముతో పోతపోయుదురు. గుగ్గిలము చెట్టు కార్చు రెజిను; ఇది మనుష్యుడు చేసినది. రెండు ద్రవములను చెప్పిన పాళ్లలో కలిపినచో కొన్ని నిమిషములలో అవి గట్టిపడి రాయియగును. మొదట ఒక మూలప్రతిమను చేయుదురు. ఈ ప్రాంతమున అది యిప్పుడు కష్టము కాదు. రాయదుర్గమున 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి నమూనాల కర్మశాలలో, కంప్యూటరులో గీసిన రూపమును పొరమీద పొరగా నిర్మించు యంత్రములు కలవు. ఆ ప్రతిమ చుట్టును సిలికోను రబ్బరు పోసి, గట్టిపడిన పిదప కోసి తీసినచో మూస సిద్ధమగును. మన ఆదిలాబాదు ఓజాలు మైనముతో బొమ్మచేసి, మట్టిపూసి, మైనము కరగించి, ఆ చోట లోహము పోయుట మీ రెరుగుదురు. అందు మూస ఒక్క పోతతో పగిలిపోవును. రబ్బరు మూస కొన్ని పదుల పోతలకు ఆగును. తరువాత చిరుగులుపడి అంచులు మొద్దుబారును. దురాశగలవాడు అట్టి మూసలోనే ఇంకను పోయుచుండును.

వైద్యుడు నాడి చూడక మందీయడు గదా. మేమును తొలి రెండు దినములు ఏ ముక్కను అతుకక, కొలబద్దతో కొలిచి వ్రాసికొంటిమి. అప్పుడు దోషములు నాలుగు విధములని తేలినది. మొదటిది మూలదోషము: ప్రతిమలోనే తప్పు. అడుగుపలకమీద వెనుక ఇరుసును మోయు కుడి దిమ్మె ఎడమదానికంటె అంగుళములో 8వ వంతు ముందునకున్నది. అది యెంత యనుకొనవలదు. అసలు కారులో అది 3 అంగుళముల వంకర యగును. అట్టి యిరుసుగల బండి తిన్నగా నడువదు. రెండవది మూసదోషము: మూస సగములు రెండును సరిగా కూడక ముక్క నడుమ మెట్టువంటి గీత. మూడవది పోతదోషము: గాలిబుడగలు. రెజినులోని యొక ద్రవము తేమను సహింపదు. నీరు తగిలిన బొగ్గుపులుసు వాయువు పుట్టి నురుగగును. వానకాలమున మూత తెరచియుంచిన డబ్బానుండి పోసినచో పైకప్పు జల్లెడయగుట వింత కాదు. నాలుగవది పాకదోషము: పాళ్లు తప్పినచోట జిగట మిగులును, పూర్తిగా గట్టిపడకమునుపే మూసనుండి లాగినచో పలక వంగును.

ఇక చికిత్స. ఇందు క్రమమే ప్రధానము. మొదట కడుగుట. మూసనుండి ముక్క సులభముగా రావలెనని పూసిన జిడ్డు దానిమీద నుండును. గిన్నెలు తోము సబ్బునీటితో, పాత పళ్లబ్రష్షుతో తోమవలెను. తొందరపడి ఆ పని చేయక నేను ముందుదోపునకు రంగు పూసితిని. మరునాడది అరటిపొరవలె ఊడివచ్చినది. మనుమడు నోరెత్తలేదు కాని, అంతటినుండి ప్రతిముక్కను తానే కడిగినాడు.

తరువాత వంపు తీయుట. చేయి పెట్టలేనంత వేడినీటిలో పలకను కొద్ది నిమిషములుంచిన మెత్తబడును. పటకారుతో తీసి, అద్దపు పలకమీద పరచి, బరువుంచి, చల్లారిన పిదప చన్నీటిలో ముంచినచో ఆ రూపమున నిలుచును. పలక తిన్ననైన తరువాతనే కుడి దిమ్మెను సన్నని రంపముతో కోసి, కొలత చూచి వెనుకకు జరిపి అతికితిమి. వంపుండగా కొలిచియుండినచో రెండవ తప్పు చేసియుందుము.

చిల్లులను పైపైన పూడ్చరాదు. లోపలి బుడగ పెద్దది, నోరు చిన్నది. సూదిమొన బరమాతో నోరు వెడల్పుచేసి, అందు వంటసోడా చిటికెడు నింపి, ఫెవిక్విక్ వంటి జిగురు ఒక బొట్టు వేసినచో తత్‌క్షణమే రాయియగును. ఆనాడే అరుగదీయవలెను, ఆలసించిన అది రెజినుకంటె గట్టిపడి చుట్టుప్రక్కలనే అరుగదీయును. పెద్ద గుంటలకు కార్లకు వాడు లప్పమే మేలు. ఇది క్రొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కర్రతో చేసిన కాళ్లుచేతులను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే యతికి, సందులు పూడ్చి, అరుగదీసి, పిమ్మట రంగులు వేయుదురు. మాదాపురములోని శిల్పారామమున ఒక దశావతారముల వరుసను మనుమనికి చూపి, అతుకెక్కడ నున్నదో కనుగొనుమంటిని. వానికి దొరకలేదు.

జిగట మిగిలిన చోటికి మందు లేదు. దానిమీద పూసిన రంగు ఎన్నటికి ఆరదు. గట్టిభాగము తగులువరకు గీకి తీసి, ఆ లోటును లప్పముతో నింపవలెను. సగము లేని కుడి దీపపు చుట్టునకు ఎడమదానినే మూలప్రతిమ చేసితిమి. మెత్తని బంకమట్టిపై ముఖపుపిండి చల్లి, ఎడమ దీపమును ఒత్తి, ఆ గుంటలో ఎం-సీల్ ముద్దను అదిమితిమి. గుండ్రని వస్తువునకు కుడియెడమల భేదము లేదు గనుక పని నెరవేరినది.

ఆపై 400, 600, 1000 అంకెల నీటికాగితములతో వరుసగా, తడిపి అరుగదీయవలెను. బూడిదరంగు ప్రైమరు పలుచగా కొట్టినచో కంటికి దొరకని తప్పులు బయటపడును. మా కారు మూడు మారులు ప్రైమరు తిన్నది. చివర తెలుపు, పలుచని పూతలు నాలుగు.

ఇక హెచ్చరిక. రెజిను పొడి ఊపిరితిత్తులకు హాని. అందుచేతనే తడిపి అరుగదీయుమంటిని. ముక్కునకు మాస్కు, తెరచిన కిటికీ తప్పవు. ద్రవములను ఇంటిలో కలిపి పోతపోయు పని పిల్లలకు కూడదు. ఫెవిక్విక్‌ను దూదితో గాని, నూలుగుడ్డతో గాని తుడువకుడు. ఆ కలయికవలన వేడిపుట్టి చేయి కాలును.

ముప్పదియెనిమిదవ నాటికి చక్రములు నాలుగును బల్లమీద సమముగా నానినవి. ముందు అద్దపు కుడిస్తంభము కొంచెము లావుగనే మిగిలినది. ఇంకను అరుగదీసిన విరుగునని మానితిమి. ఆబ్దికమునాడు దానిని పటము ముందుంచినప్పుడు మావాడు చాలసేపు చూచి, "అమ్మ కూర్చున్నది వెనుక సీటులో ఏ ప్రక్క?" అని యడిగినాడు. ఎడమప్రక్క యని చెప్పితిని. మనుమడు పోయి ఎడమ తలుపు పటమువైపునకు వచ్చునట్లు కారును త్రిప్పి పెట్టినాడు.

మీ యిండ్లలో అటకమీద విరిగిన బొమ్మలు, కీలూడిన పెట్టెలు ఉండకపోవు. సెలవులకు మనుమలు వచ్చినపుడు ఒకదానిని దింపి, ముందు కడిగి, కొలిచి, దోషమెక్కడిదో వారిచేతనే కనుగొనజేయుడు. రంగుపని చివరకు నిలుపుడు.